కుటుంబానికి ఆన్‌లైన్ డాక్టరు: ఏ యాప్ అనే దానికంటే ముందు తేల్చుకోవలసినవి

సారాంశం: ఆన్‌లైన్ వైద్య సేవల ప్రకటనలు వేగాన్నీ తక్కువ ఫీజునూ ముందు పెడుతున్నాయి. అయితే ఫోనులో కనిపించే డాక్టరు ఎంతవరకు చికిత్స చేయవచ్చన్నది ఆయన ఆ రోగిని గతంలో నేరుగా చూశారా లేదా, మాట్లాడింది వీడియోలోనా చాట్‌లోనా అన్నదాన్ని బట్టి మారుతుందని కేంద్రం 2020లో విడుదల చేసిన టెలిమెడిసిన్ (దూరవైద్యం) మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే ఒక కుటుంబానికి మంచి సేవ ఏదో తేలాలంటే యాప్ రేటింగు కన్నా ముందు చూడవలసింది ఒకే డాక్టరు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లే వీలు, రోగి పక్కన పరీక్ష చేయగల మనిషి ఉండడం, సంస్థకు ఆదాయం వచ్చే దారి.

పాతికేళ్ల నేపథ్యం

తెలుగు నేలకు దూరవైద్యం కొత్త కాదు. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన టెలిమెడిసిన్ కేంద్రం దేశంలో ఈ రంగంలో పడిన తొలి అడుగులలో ఒకటి. నాడు భారత పర్యటనలో ఉన్న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దానిని ప్రారంభించడంతో ఆ పల్లె పేరు వార్తలకెక్కింది. అక్కడ రోగి పక్కన వైద్య సిబ్బంది ఉండేవారు. దూరాన ఉన్న స్పెషలిస్టు రిపోర్టులు చూసి వారికి అభిప్రాయం చెప్పేవారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 104 సేవ మరో దారి పట్టింది. ఫోను చేసినవారికి ఆరోగ్య సలహా దొరికేది, ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో తెలిసేది. నేటి యాప్‌లు ఈ రెండింటికీ భిన్నమైనవి. రోగి పక్కన ఎవరూ ఉండరు, అయినా కాల్ ముగిసేసరికి మందుల చీటీ ఫోనులోకి వచ్చేస్తుంది.

ఆ చీటీకి చట్టంలో ఉన్న విలువ ఏమిటన్నది చాలాకాలం తేలలేదు. మహారాష్ట్రలోని రత్నగిరిలో ఫోను ద్వారా ఇచ్చిన సూచనలతో చికిత్స సాగిన ఒక బాలింత మరణించిన కేసులో, 2018లో బొంబాయి హైకోర్టు డాక్టర్లకు ముందస్తు బెయిలు నిరాకరించింది. రోగిని చూడకుండా మందు చెప్పడం నేరమవుతుందా అన్న భయం ఆ తీర్పుతో వైద్యులలో బలపడింది. కరోనా వచ్చాక పరిస్థితి తారుమారైంది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25వ తేదీనే కేంద్రం టెలిమెడిసిన్ ప్రాక్టీసు మార్గదర్శకాలను విడుదల చేసింది. వైద్యుల వృత్తి ప్రవర్తనను నిర్దేశించే 2002 నాటి నిబంధనలకు వీటిని అనుబంధంగా చేర్చారు. వీటి స్థానంలో 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలను ప్రకటించినా, అదే నెలలో వాటిని పక్కన పెట్టింది. కాబట్టి 2020 నాటి పత్రమే ఈ రంగానికి ఆధారంగా నిలిచింది.

ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని కూడా ఆ రోజుల్లోనే జనంలోకి వచ్చింది. మొహాలీలోని కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ సీ-డాక్ తయారు చేసిన ఈ వ్యవస్థ 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాలను పెద్ద ఆసుపత్రుల డాక్టర్లతో కలిపే పద్ధతిగా మొదలైంది. 2020 ఏప్రిల్‌లో ఇంటి నుంచే నేరుగా డాక్టరుతో మాట్లాడే సదుపాయం దానికి తోడయింది. 2023 ఫిబ్రవరి నాటికి దీని ద్వారా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్‌ది పెద్ద వాటా. ఇదే కాలంలో ప్రైవేటు యాప్‌లు, ఆసుపత్రుల సొంత యాప్‌లు, మందులు అమ్మే సంస్థల యాప్‌లు కూడా వచ్చి చేరాయి. ఫోను తెర మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి గాని లోపల పని జరిగే తీరు వేర్వేరు. ఎంపికలో గందరగోళానికి మూలం అక్కడే ఉంది.

తొలిసారి చూసే డాక్టరుకూ తెలిసిన డాక్టరుకూ తేడా

మార్గదర్శకాలలో ఒక కుటుంబానికి అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చే భాగం మందుల జాబితాలది. డాక్టరు ఆన్‌లైన్‌లో రాయగల మందులను మూడు జాబితాలుగా విడదీసి, నాలుగో వర్గాన్ని పూర్తిగా నిషేధించారు.

పారాసిటమాల్, ఓఆర్ఎస్, జింకు సిరప్, దగ్గు బిళ్లలు, ఐరన్, కాల్షియం వంటివి మొదటి జాబితాలో ఉన్నాయి. ఫోను, చాట్, వీడియో - ఏ పద్ధతిలో మాట్లాడినా వీటిని రాయవచ్చు. రెండో జాబితాలోని మందులను తొలిసారి చూసే రోగికి రాయాలంటే ఆ సంప్రదింపు వీడియోలో జరిగి ఉండాలి. గజ్జల్లో తామరకు పూసే మందు, కండ్లకలకకు వేసే చుక్కలు దీనికి పత్రంలో ఇచ్చిన ఉదాహరణలు. సుగరు, బీపీ, ఉబ్బసం వంటి దీర్ఘకాలిక జబ్బులకు అప్పటికే వాడుతున్న మందులను తిరిగి రాయడం కూడా ఈ జాబితా కిందికే వస్తుంది. మూడో జాబితా ఫాలో-అప్‌కు మాత్రమే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్న సుగరు రోగికి సిటాగ్లిప్టిన్ అనే మరో సుగరు మందును కూడా జోడించడం ఇటువంటిది. నిషేధిత వర్గంలో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల షెడ్యూల్ ఎక్స్ మందులు (అమ్మకంపై గట్టి నియంత్రణ ఉన్నవి), మత్తుమందుల చట్టం పరిధిలోనివి ఉన్నాయి. నిద్రకు, ఆందోళనకు వాడే మందులలో కొన్ని ఈ చట్టం కిందికే వస్తాయి గనుక, ఇంట్లో పెద్దవారికి అలాంటి మాత్రలు నడుస్తుంటే ప్రతిసారీ డాక్టరు దగ్గరికి నేరుగా వెళ్లవలసిన అవసరం పడవచ్చు.

ఫాలో-అప్ అనే మాటకు ఈ పత్రం ఇచ్చిన హద్దులు గట్టివి. అదే డాక్టరు, అదే జబ్బు, నేరుగా చూసి 6 నెలలు దాటకూడదు. ఆ జబ్బుకు చెందని కొత్త లక్షణం ఏదైనా కనిపించినా, పాత చికిత్స సందర్భం డాక్టరుకు గుర్తు లేకపోయినా అది ఫాలో-అప్ కాదు, తొలి సంప్రదింపే. చట్టం దృష్టిలో ఆన్‌లైన్ వైద్యం నేరుగా చూసే వైద్యానికి కొనసాగింపుగా ఉన్నప్పుడే డాక్టరుకు ఎక్కువ వెసులుబాటు దొరుకుతుందన్నది దీని సారం. కాల్ చేసిన ప్రతిసారీ కొత్త డాక్టరును కలిపే యాప్, ఆ క్షణంలో ఖాళీగా ఉన్నవారిని 2 నిమిషాల్లో తెర మీదకు తెచ్చినా, కుటుంబాన్ని ఎప్పటికీ తొలి సంప్రదింపు దగ్గరే నిలబెడుతుంది. వీధి చివరి క్లినిక్‌లో ఏడాదికి రెండుసార్లు నేరుగా చూసే ఫిజీషియన్ మిగతా నెలల్లో వీడియోలో అందుబాటులో ఉంటే, ఆ ఏర్పాటు పేరున్న యాప్ కన్నా చట్టపరంగానూ వైద్యపరంగానూ బలమైనది.

ఇక్కడే ఒక పరీక్ష కూడా దొరుకుతుంది. ఎన్నడూ చూడని రోగికి కేవలం చాట్‌లో నాలుగు ప్రశ్నలు వేసి యాంటీబయోటిక్ రాసి పంపే సేవ మార్గదర్శకాలను అతిక్రమిస్తున్నట్టే. జలుబుకు వచ్చిన ఆ చీటీని వెంటనే పని జరిగిందన్న సంతోషంతో చూసే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ సేవను ఇక నమ్మకూడదని చెప్పడానికి ఆ ఒక్క చీటీ చాలు.

తెర మీద కనిపించేవి, కనిపించనివి

వీడియోలో డాక్టరు చర్మం మీది మచ్చను, కంటి ఎరుపును, మనిషి మాట్లాడే తీరును చూడగలరు. పొట్ట నొక్కి చూడలేరు, గుండె చప్పుడు వినలేరు, చెవి లోపలికి చూడలేరు. ఏ జబ్బుకు ఆన్‌లైన్ సరిపోతుందన్నది చాలావరకు దీని మీదనే ఆధారపడుతుంది. రిపోర్టులు చదివించుకోవడం, బీపీ, సుగరు మందుల మోతాదు సర్దుబాటు, చర్మ సమస్యలు, మానసిక ఆరోగ్యం, ఏ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాలో తెలుసుకోవడం వంటి వాటికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. కడుపునొప్పి, పసిపిల్లల జ్వరం, ఛాతీ బరువు వంటివి నప్పవు.

పిల్లల విషయంలో రెండు కొలతలు ఆన్‌లైన్ సంప్రదింపు విలువను పెంచుతాయి. మొదటిది బరువు. పిల్లల మందుల మోతాదును సాధారణంగా వయసు కన్నా బరువును బట్టి లెక్కిస్తారు గనుక, బరువు అడగకుండా సిరప్ ఎన్ని మిల్లీలీటర్లో రాసే డాక్టరును నమ్మడం కష్టం. రెండోది ఊపిరి లెక్క. బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట కదలికను చూస్తూ పూర్తిగా ఒక నిమిషం పాటు లెక్కించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం నిమిషానికి 2 నెలలలోపు బిడ్డకు 60, 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు 40 గాని అంతకు మించి గాని ఊపిరులు ఉంటే అది వేగంగా ఊపిరి తీయడమే. పక్కటెముకల కింది భాగం లోపలికి పోతుంటే వీడియో కాల్ కోసం వేచి ఉండకూడదు. మంచి పిల్లల డాక్టరు కెమెరాను ముఖం మీద నుంచి ఛాతీ మీదకు తిప్పమని అడుగుతారు. ఒక సేవ ప్రమాణం ఎంతటిదో ఇలాంటి చిన్న ప్రశ్నల్లోనే తెలుస్తుంది.

వానాకాలంలో డెంగీ మరో చిక్కు తెచ్చిపెడుతుంది. డెంగీలో ప్రమాదం తరచుగా జ్వరం తగ్గే సమయంలో, అంటే జబ్బు మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య మొదలవుతుంది. ఇంట్లోవారు తగ్గిందని ఊరట చెందే రోజునే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే అవి ఆసుపత్రికి వెళ్లవలసిన సంకేతాలు. మొదటి రోజు ఒక డాక్టరు, మూడో రోజు మరొకరు, అయిదో రోజు ఇంకొకరు చూసే పద్ధతిలో ఈ క్రమం ఎవరి దృష్టికీ పూర్తిగా రాదు. ప్రతి డాక్టరుకూ ఆ పూట జ్వరమే కనిపిస్తుంది, వారం కథ కనిపించదు. ఒకే డాక్టరు అవసరం ఎంతటిదో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

పెద్దవారి విషయంలో మందుల చరిత్రే కీలకం. మోకాళ్ల నొప్పికి వాడే నొప్పి మాత్రలలో చాలావరకు బీపీని పెంచుతాయి, మూత్రపిండాల మీద భారం వేస్తాయి. బీపీ మందులు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు వాడేవారికి ఆ ప్రమాదం మరింత ఎక్కువ. ఆన్‌లైన్ డాక్టరు ముందు వాడుతున్న మాత్రల పట్టీలన్నీ - ఆయుర్వేదం, హోమియోపతి మందులతో సహా - పరిచి చూపడం వల్ల ఇలాంటి పొరపాట్లు చాలా తప్పుతాయి. చేతికి చుట్టుకునే బీపీ మిషను, గ్లూకోమీటరు, ధర్మామీటరు, ఆక్సిజన్ చూసే పరికరం ఇంట్లో ఉంటే డాక్టరుకు అంకెలు దొరుకుతాయి. అవి లేని సంప్రదింపులో రోగి మాటే ఆధారం. ఆ మాట తెలుగులో చెప్పే వీలుండాలి. ఛాతీ పట్టేసినట్టుందని అమ్మమ్మ చెప్పినదాన్ని మనవడు ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసరికి అసలు విషయం జారిపోవచ్చు. యాప్‌లో భాష ఎంచుకునే సదుపాయాన్ని తక్కువగా చూడడం తగదు.

అత్యవసర పరిస్థితికి ఆన్‌లైన్ సేవ ప్రత్యామ్నాయం కాదని మార్గదర్శకాలే చెబుతున్నాయి. అప్పుడు డాక్టరు చేయదగినది ప్రథమ చికిత్స చెప్పడం, ఆసుపత్రికి పంపడం వరకే. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం వంటి పక్షవాత లక్షణాలలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటల వరకే వ్యవధి. అలాంటప్పుడు నొక్కవలసింది 108.

పక్కన మనిషి ఉండే పద్ధతి

అరగొండ నమూనా పూర్తిగా కనుమరుగు కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని విలేజ్ క్లినిక్‌లు, తెలంగాణలోని పల్లె, బస్తీ దవాఖానాల వంటి కేంద్రాల నుంచి సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకొని ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడించడం దాని విస్తరణే. అక్కడున్న నర్సింగ్ శిక్షణ పొందిన ఉద్యోగి బీపీ చూస్తారు, సుగరు పరీక్ష చేస్తారు, పాదాల వాపును వేలితో నొక్కి చూసి చెబుతారు. కేంద్రంలో ఉన్న మందులు అక్కడే ఉచితంగా ఇస్తారు. నగరంలో ఉద్యోగం చేసే కొడుకు తన ఫోనులోని ప్రైవేటు యాప్‌లో ఊళ్లోని తల్లికి సభ్యత్వం కొనడం కన్నా, ఆమెను నెలకోసారి ఆ కేంద్రానికి వెళ్లేలా చూడడం ఎక్కువ ప్రయోజనకరం కావచ్చు. ఫోను వాడకం అలవాటు లేని పెద్దలకు ఇది మరీ వర్తిస్తుంది.

దీనికి పరిమితులూ ఉన్నాయి. కేంద్రం పనిచేసే వేళలు, నెట్ సిగ్నలు, అవతలి డాక్టరు అందుబాటు అన్నీ కలిసిరావాలి. ప్రతిసారీ అదే డాక్టరు దొరుకుతారన్న హామీ లేదు. ఇంటి నుంచి ఈ-సంజీవనిలోకి వెళ్లినా టోకెన్ తీసుకొని వరుసలో వేచి ఉండాలి. అయినా ఇందులో ఫీజు లేదు, మందులు అమ్ముకోవలసిన అవసరం అసలే లేదు. మానసిక ఆరోగ్యానికి 2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్ నంబరు 14416 కూడా ఉచితమే, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆదాయం ఎటునుంచి వస్తోంది

ప్రైవేటు సేవలను పోల్చేటప్పుడు ఫీజు పట్టిక కన్నా ఎక్కువ చెప్పేది ఆదాయ మార్గం. దీని ప్రకారం చూస్తే అవి నాలుగు రకాలుగా కనిపిస్తాయి. ప్రాక్టో వంటివి స్వతంత్ర డాక్టర్లను, రోగులను కలిపే వేదికలు. అపోలో 24|7 వంటివి ఆసుపత్రి గొలుసుకు ముఖద్వారాలు. టాటా 1ఎంజీ వంటివి మందుల అమ్మకం, పరీక్షల చుట్టూ పెరిగి సంప్రదింపును జోడించుకున్నవి. ఏడాది చందా తీసుకొని కుటుంబమంతటికీ అపరిమిత సంప్రదింపులు ఇస్తామనేవి నాలుగో రకం. ఉద్యోగ సంస్థల ద్వారా, ఆరోగ్య బీమా ద్వారా అందేవి ఎక్కువగా ఈ కోవలోనివే.

ఏ ఆదాయ మార్గమూ దానంతట అది చెడ్డది కాదు, కానీ ప్రతిదానికీ ఒక మొగ్గు ఉంటుంది. సంప్రదింపును ఉచితంగా ఇచ్చి మందుల మీద సంపాదించే సంస్థకు చీటీలో మందులు పెరగడం వల్ల లాభం. ఆసుపత్రి యాప్‌కు రోగి చివరికి తన ఆసుపత్రికి రావడం వల్ల లాభం. అయితే నేరుగా చూసిన డాక్టరే వీడియోలోనూ దొరకడం, పాత రిపోర్టులు ఒకేచోట ఉండడం అక్కడ తేలిక. ముందే చందా తీసుకున్న సంస్థకు సంప్రదింపు ఎంత తొందరగా ముగిస్తే అంత ఖర్చు తగ్గుతుంది. డాక్టరుకు నేరుగా ఫీజు చెల్లించే పద్ధతిలో డబ్బు ఎక్కువ అవుతుంది గాని, ఆ డాక్టరు సమయం మీద రోగికి హక్కు స్పష్టంగా ఉంటుంది.

మార్గదర్శకాలు ఈ మొగ్గును కొంత కట్టడి చేశాయి. డాక్టరు చీటీని నేరుగా మందుల షాపుకు పంపాలంటే రోగి స్పష్టంగా ఒప్పుకోవాలి. మందులు తనకు నచ్చిన ఏ షాపులోనైనా కొనుక్కునే హక్కు రోగిదే. ఫీజుకు రసీదు ఇవ్వాలి. రోగి నేరుగా వచ్చి చూపించుకుంటానంటే ఆన్‌లైన్‌కే పట్టుబట్టడం డాక్టరు వృత్తి తప్పిదంగా పరిగణిస్తారు. అందువల్ల చీటీని డౌన్‌లోడు చేసుకోనివ్వకుండా మందులు కార్టులో పెట్టి డబ్బు కట్టమనే యాప్ ఎంత తగ్గింపు ఇచ్చినా దూరంగా ఉంచదగినదే. ఆన్‌లైన్ మందుల అమ్మకానికి 2018లో ముసాయిదా నిబంధనలు వచ్చినా అవి తుది రూపం దాల్చకపోవడంతో, ఇంటికి వచ్చిన మందుల బిల్లు మీద ఏ షాపు పేరు, లైసెన్సు నంబరు ఉన్నాయో చూసుకునే బాధ్యత కొన్నవారి మీదే ఎక్కువగా పడుతోంది.

చందా కట్టే ముందు లెక్క తేలికే. కుటుంబం గత ఏడాదిలో డాక్టరు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లిందో, వాటిలో ఎన్నింటికి వీడియో సరిపోయేదో చూసి ఆ సంఖ్యతో చందాను భాగించాలి. పిల్లల డాక్టరు, స్త్రీల డాక్టరు, చర్మ వైద్యులు చందాలో ఉన్నారా, సాధారణ డాక్టరు వరకేనా అన్నది కూడా చూడాలి. 2020 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, పాలసీలో డాక్టరు సంప్రదింపు ఖర్చుకు అవకాశం ఉంటే టెలిమెడిసిన్‌కు కూడా ఇవ్వాలని ఆదేశించింది. కాబట్టి ఔట్‌పేషెంటు ఖర్చులు భరించే పాలసీ ఉన్న కుటుంబం అదే సదుపాయానికి రెండోసారి డబ్బు కట్టవలసిన పనిలేదు.

డాక్టరు ఎవరో తెలుసుకోవడం

ప్రతి డాక్టరు పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు వేదిక మీద చూపాలి. చీటీ మీద, రసీదు మీద, వాట్సాప్ సందేశం మీద కూడా ఆ నంబరు ఉండాలి. దానిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య మండళ్ల వెబ్‌సైట్లలో గాని, జాతీయ వైద్య కమిషన్ దగ్గరున్న ఇండియన్ మెడికల్ రిజిస్టరులో గాని సరిచూసుకోవడానికి కొద్ది నిమిషాలు పడుతుంది. నంబరుతో పాటు ఏ రాష్ట్ర మండలి, ఏ సంవత్సరం అన్నవి కూడా కావాలి, ఎందుకంటే ఒకే అంకె వేర్వేరు రాష్ట్రాలలో వేర్వేరు డాక్టర్లకు ఉండవచ్చు. మార్గదర్శకాలలో కనిపించే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే వైద్య మండలిలో నమోదైన డాక్టరే తప్ప, మన ఊళ్లలో ఆర్ఎంపీగా పిలిచే వ్యక్తి కాదు. ఆయుర్వేద, హోమియో వైద్యులకు వేరే మార్గదర్శకాలు ఉన్నాయి. యాప్‌లో డాక్టర్ అనే మాట పక్కన ఉన్న డిగ్రీని చదివితేగాని ఎవరు ఏ వైద్యమో తెలియదు.

విదేశాల్లో పిల్లలు, ఊళ్లో తల్లిదండ్రులు

తెలుగు కుటుంబాలలో ఈ సేవలను వెతికేది చాలాసార్లు డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న పిల్లలు. వైద్యం కావలసింది విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు. దీని గురించి మార్గదర్శకాలు వివరంగానే చెప్పాయి. రోగి మైనరైతే గాని, మతిమరుపు జబ్బు లేదా శారీరక వైకల్యం వల్ల తానుగా మాట్లాడలేకపోతే గాని, చూసుకునేవారికి వారి తరఫున మాట్లాడే అధికారం ఉన్నట్టే భావిస్తారు. మిగతా సందర్భాలలో తల్లి తరఫున కొడుకు ఒక్కడే డాక్టరుతో మాట్లాడాలంటే ఆమె అనుమతి పత్రం గాని, బంధుత్వాన్ని చూపే గుర్తింపు గాని, అంతకుముందు నేరుగా వెళ్లినప్పుడు ఆమె డాక్టరుకు చెప్పి ఉండడం గాని అవసరం. అందుకే ముగ్గురూ ఒకే కాల్‌లో కలిసే వీలున్న సేవ మెరుగు. ఇక్కడ రాత్రి 8 గంటలంటే డాలస్‌లో ఉదయమే గనుక సాయంత్రం స్లాట్లు ఉన్న డాక్టరు ఇరువైపులా కుదురుతారు. మైనర్లయితే పక్కన పెద్దవారు ఉండాలి, వారి గుర్తింపూ చూడాలి.

భారత్ వెలుపల సంప్రదింపులకు ఈ మార్గదర్శకాలు వర్తించవు. అమెరికాలో ఉన్న వ్యక్తి హైదరాబాదు డాక్టరు నుంచి రిపోర్టుల మీద రెండో అభిప్రాయం తీసుకోగలిగినా, ఆ చీటీతో అక్కడి ఫార్మసీ మందులు ఇవ్వదు. అక్కడ రోగి ఉన్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్న డాక్టరే రాయాలి. ఆరు నెలలు పిల్లల దగ్గర గడపడానికి వెళ్లే తల్లిదండ్రులకు ఇది నేరుగా తగిలే విషయం. ఇక్కడి యాప్ సభ్యత్వం అక్కడ పనికిరాదు గనుక బయలుదేరే ముందే డాక్టరుకు నేరుగా చూపించుకొని, ఉండబోయే కాలానికి సరిపడా మందులు, వాటి చీటీ, ప్రయాణ బీమా సిద్ధం చేసుకోవడం అవసరం.

ఆరోగ్య సమాచారం ఎక్కడికి పోతుంది

సంప్రదింపు యాప్‌కు పేరు, వయసు, జబ్బు, మందులు, కొన్నిసార్లు శరీర భాగాల ఫొటోలు కూడా చేరతాయి. ఇది ఊహాజనిత ప్రమాదం కాదు. అమెరికాలో ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్ వినియోగదారుల సమాచారాన్ని ఫేస్‌బుక్ వంటి ప్రకటనల వేదికలకు ఇచ్చిందన్న ఆరోపణపై 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. భారత్‌లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. అయితే సంస్థల మీది ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు గాని అమలులోకి రావు. ఈలోగా యాప్ అడిగే అనుమతులే కొలమానం. వీడియో కాల్‌కు కెమెరా, మైకు కావాలి. ఫోనులోని పరిచయాల జాబితా, అన్ని వేళలా లొకేషన్ అక్కర లేదు.

రికార్డుల విషయంలో మరో కోణం ఉంది. లండన్‌లో పుట్టి ఎంతో పేరు తెచ్చుకున్న ఆన్‌లైన్ వైద్య సంస్థ బాబిలాన్ హెల్త్ 2023లో కుప్పకూలింది. యాప్‌లు మూతపడతాయి, చేతులు మారుతాయి. ప్రతి చీటీని, రిపోర్టును పీడీఎఫ్‌గా ఇంటి ఫోల్డరులో దాచుకోవడం, లేదా ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా అయిన 14 అంకెల ఆభా సంఖ్యకు జతచేసుకోవడం వల్ల సంస్థ ఉన్నా లేకపోయినా చరిత్ర కుటుంబం దగ్గరే ఉంటుంది. డాక్టరును మార్చవలసి వచ్చినప్పుడు కొత్తవారికి మొదటి రోజే చూపగలిగేది ఆ చరిత్రనే.

కృత్రిమ మేధ, ఫిర్యాదులు

లక్షణాలు అడిగి జవాబిచ్చే చాట్‌బాట్‌లు ఇప్పుడు దాదాపు ప్రతి సేవలోనూ కనిపిస్తున్నాయి. కృత్రిమ మేధ ఆధారిత వేదికలు రోగికి సలహా ఇవ్వడాన్ని గాని, మందులు రాయడాన్ని గాని 2020 మార్గదర్శకాలు అనుమతించవు. అవి డాక్టరుకు సాయపడవచ్చు, నిర్ణయం డాక్టరుదే. రాబోయే ఏళ్లలో ఈ గీత మీద ఒత్తిడి పెరుగుతుంది, ఎందుకంటే డాక్టరు సమయమే ఈ వ్యాపారంలో అతి పెద్ద ఖర్చు. చాట్‌లో అవతల ఉన్నది మనిషా యంత్రమా అని అడిగినప్పుడు సూటిగా జవాబు రాని చోట మందు తీసుకోవడం ప్రమాదకరం.

తేడా వచ్చినప్పుడు దారులు రెండు. డాక్టరు వృత్తి ప్రవర్తన మీద ఫిర్యాదు రాష్ట్ర వైద్య మండలికి వెళ్తుంది. ఫీజు తీసుకొని ఇచ్చే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది గనుక, సేవా లోపం మీద వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2019 చట్టం ప్రకారం సంస్థ బెంగళూరులో ఉన్నా ఫిర్యాదును తాము నివసించే జిల్లాలోనే వేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి మొదట రాజీకి ప్రయత్నించే వీలూ ఉంది. ఏ దారిలో వెళ్లినా రసీదు, డాక్టరు నంబరు ఉన్న చీటీ, చాట్ ప్రతి కావాలి. సభ్యత్వం తీసుకునే ముందే ఒక్క సంప్రదింపుకు డబ్బు కట్టి, ఈ మూడూ అడగకుండానే వస్తున్నాయో లేదో చూసుకోవచ్చు.